తువ్వాల కింద చెప్పిన అంకె

కొళాయి తిప్పి, బకెట్‌లో నీళ్లు పడే చప్పుడు చాటున నేను మాట్లాడటం నేర్చుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కర్నూలులో మా వీధికి అప్పట్లో మున్సిపాలిటీ నీళ్లు దినం విడిచి దినం వచ్చేవి. నీళ్లు వచ్చే పొద్దున స్నానాల గదిలో గడియ పెట్టుకుని, గోడ వైపు తిరిగి, "చెప్పండి, మీరు ఒక నెల ఊర్లో లేకపోతే మీ కొట్టు ఎట్లా నడుస్తుంది?" అని అడిగేదాన్ని. గోడ జవాబు చెప్పదు. మళ్లీ అడిగేదాన్ని, ఈసారి కొంచెం గట్టిగా. బయట అమ్మ గొణిగేది. "ఏం స్నానమే అది, పెండ్లికూతురి స్నానమా? తుంగభద్రలోనే నీళ్లు లేవు, ఈమెకు మాత్రం రెండు బకెట్లు కావాల."

ఆ ప్రశ్న నాది కాదు, మా సార్‌ది. ఆయన మాట్లాడకూడదని డాక్టరు చెప్పిన ఆ ఎండాకాలం, ఆయన అడగాల్సినవన్నీ నేను అడగాల్సి వచ్చింది.

డిగ్రీ అయి ఏడాది ఇంట్లో కూర్చున్నాక, మా నాన్నకు తెలిసినవాళ్లు ఆ ఉద్యోగం చూపించారు. "మాట్లాడే పని ఉండదు, ఆయన చెప్తే రాసుకోవడమే" అన్నారు. ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాను. మా ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో దూరే మనిషిని నేను. జిల్లా గ్రంథాలయంలో పుస్తకం తీసుకునేటప్పుడు కూడా, పేరు అడుగుతారేమోనని కార్డు ముందే బల్ల మీద పెట్టేదాన్ని. మాట్లాడాలనుకున్నవి రాత్రి డైరీలో రాసుకుంటే సరిపోయేది.

సార్ ఆఫీసు రెండు గదులు. బయట బోర్డు మీద 'వ్యాపార యజమానులకు కోచింగ్' అని రాయించారు. ఆ బోర్డు చూసి నెలకు ఒకరిద్దరైనా తల్లిదండ్రులు మెట్లెక్కి వచ్చేవారు. "మావోనికి ఎంసెట్‌కు సీటుందా?" అని అడిగేవారు. "మీ వాడికి కాదు, మీకుంది సీటు. ఏం వ్యాపారం మీది?" అని సార్ వాళ్లను కూర్చోబెట్టి టీ తెప్పించేవారు. అట్లా వచ్చిన విత్తనాల షాపు ఆయన ఒకరు నిజంగానే చేరిపోయారు. కొడుకు మాత్రం ఎంసెట్‌కు వేరేచోట చేరాడు.

సార్‌కు అప్పటికి యాభై దాటాయి. ఆయన నాన్న నందికొట్కూరు వైపు సంతల్లో ఎద్దుల దళారి. సార్ చదువుకుని, కర్నూలు బయట ప్లాస్టిక్ పైపులు చేసే షెడ్డు పెట్టారు. అది బాగానే పెరిగింది. తర్వాత దాన్ని తమ్ముడికి అప్పగించి ఈ పనిలోకి వచ్చారు. ఎందుకొచ్చారని అడిగినవాళ్లకు మహానంది కథ చెప్పేవారు. నేను ఆ కథ ఎన్నిసార్లు విన్నానో, ఎక్కడ నవ్వుతారో ఎక్కడ ఆగుతారో నాకు కంఠతా వచ్చింది.

షెడ్డు నడిపే రోజుల్లో ఆయన తాళాలన్నీ మొలతాడుకే కట్టుకునేవారట. స్టోరు, ఆఫీసు, బీరువా, చివరికి నీళ్ల ట్యాంకు గది తాళం కూడా. ఒకసారి ఇంటిల్లిపాదీ మహానందికి పోయారు. కోనేట్లో మునిగేసరికి తాళాల గుత్తి జారిపోయింది. అక్కడి నీళ్లు అద్దంలాంటివి, అడుగున ఉన్న గులకరాయి కూడా కనిపిస్తుంది. తాళాలూ కనిపించాయి. "చెయ్యి చాపి మునిగితే దొరుకుతాయి. అయినా నేను గొంతులోతు నీళ్లలో నిలబడి వాటిని చూస్తా ఉండిపోయినా" అనేవారు సార్. "ఎందుకో తెల్సా? పదేండ్లకు నా నడుము తేలికయింది. ఆడ షెడ్డులో స్టోరు తెరిచేవాడు లేక మిషన్లు ఆగిపోయినాయి, ఈడ నేను నవ్వుతాండా. మా ఆవిడ గట్టు మీద నించి, ఈ మనిషికి ఏమో అయిందని దేవునికి మొక్కుకుంది."

ఆ రోజు నుంచి ఆయన ఆలోచన మారింది. అన్నేళ్లూ ఆ బరువు సంగతి ఎవరితోనూ అనలేకపోయానని అప్పుడు తోచిందట. యజమాని చుట్టూ ఉన్నవాళ్లంతా అతని కింద పనిచేసేవాళ్లో, అతనితో బేరమాడేవాళ్లో, అతన్ని నమ్ముకుని తినేవాళ్లో అయి ఉంటారు. భయమేస్తోందని వాళ్లలో ఎవరికి చెప్పుకుంటాడు? అందుకని ఊరికొక మనిషి ఉండాలి, అడిగి ఊరుకునేవాడు. "నేను సలహాలిచ్చేవాణ్ణి కాదు పాపా" అని నాతో అనేవారు. "మా నాయన రైతుకూ ఎద్దుకూ మధ్య దళారి. నేను మనిషికీ వాని మనసుకూ మధ్య దళారిని."

అన్నారే గానీ, ఆయన అడిగి ఊరుకునే రకం కాదు. ఒక ప్రశ్న అడిగి, దానికి మూడు పిట్టకథలు చెప్పి, జవాబు కూడా ఆయనే చెప్పేసేవారు. గదిలో ఇరవై మంది ఉన్నా మైకు ముట్టేవారు కాదు. ఆ గొంతు అట్లాంటిది. నేను వెనక కుర్చీలో రాసుకుంటూ, ఆ గొంతు నీడలో హాయిగా దాక్కునేదాన్ని.

ఆ ఏడు శివరాత్రి దాటాక గొంతు బొంగురుపోయింది. దుమ్మనుకున్నారు, మంచినీళ్లు మారాయనుకున్నారు. ఉగాది దాటినా తగ్గలేదు. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి పోతూ, డాక్టరు చెప్పేది రాసుకోవడానికని నన్ను వెంట తీసుకుపోయారు. స్వరపేటిక మీద చిన్న గడ్డ ఉందన్నారు డాక్టరు. దాన్ని తీసేశారు. ముక్కను పరీక్షకు హైదరాబాదు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకూడదన్నారు, గుసగుస అసలే వద్దన్నారు. "మంచిదే కావచ్చు. కానీ చూడకుండా నేను చెప్పను" అన్నారు.

సార్ నాన్న గొంతు జబ్బుతోనే పోయారు. అది నాకు తెలుసు. నాకు తెలుసని సార్‌కూ తెలుసు. ఆటోలో కూర్చున్నాక నా చేతిలో కాగితం తీసుకుని, 'హైదరాబాదు సంగతి ఇంట్లో చెప్పొద్దు' అని రాశారు. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు. కానీ ఆ తర్వాత ఆయన భార్య ఎదురుపడ్డప్పుడల్లా అన్నం మెతుకు గొంతులో అడ్డం పడ్డట్టుండేది. ఆమె మంచి మనిషి. మధ్యాహ్నం ఆఫీసుకు కారియర్ పంపిస్తే అందులో నాకూ ఒక గిన్నె ఉండేది.

మరుసటి రోజు, సార్ రాసి చూపించడానికి పలక కొందామని పాత బస్తీలో పుస్తకాల అంగడికి పోయాను. అంగడి సాయబు పలక తుడిచి ఇస్తూ, "ఎన్నేండ్లమ్మా పిల్లోనికి? ఈ ఏడే బడికేస్తాండారా?" అని అడిగాడు. నవ్వాను. ఆయన ఒక బలపం ఊరికే ఇచ్చాడు. "చెయ్యి తిరిగేదాకా విరగ్గొడతాంటారులే" అన్నాడు. సార్‌కు ఇది చెప్తే, గొంతు పట్టుకుని శబ్దం లేకుండా నవ్వారు. ఆ రోజే రెండు బలపాలు విరగ్గొట్టారు కూడా.

ఇక పని. ఆయన పలక మీద రాస్తారు, నేను పైకి చదవాలి. మొదటి రోజు విత్తనాల షాపు ఆయన వచ్చారు. నేను చదివాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగా తల్లీ, పైన ఫ్యాను తిరుగుతాంది" అన్నారు. మళ్లీ చదివాను. "ఫ్యాను ఆపమంటావా?" అన్నారు. ఆ ఎండల్లో నిజంగానే లేచి ఫ్యాను ఆపేశారు. చెమటలు కారుతూ ముగ్గురం కూర్చున్నాం. ఆ రాత్రి డైరీలో, రేపటి నుంచి పోను అని రాసుకున్నాను. పొద్దున కొళాయిలో నీళ్లొచ్చాయి, గోడ వైపు తిరిగాను.

కొందరు రావడం మానేశారు. బట్టల దుకాణం ఆయన మెట్లు దిగుతూ ఇంకొకాయనతో, "మనిషి మాట కోసం వస్తిమి గానీ పలక కోసమా అప్పా?" అనడం నేను విన్నాను. సార్ కూడా విన్నారు. ఉన్నవాళ్లతో మాత్రం పని వేరేలా జరిగింది. సార్ ఒక ప్రశ్న రాసి, నేను అది చదివి, తర్వాత ఇద్దరం చూస్తూ కూర్చుంటే, ఎదుటివాళ్లు ఆ మౌనం భరించలేక ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టేవారు. చెప్పుకుంటూ చాలా దూరం పోయేవారు. సార్‌కు మధ్యలో పిట్టకథ చెప్పాలని ఎంత ఉండేదో, బలపం పట్టుకున్న వేళ్లు చూస్తే తెలిసేది. కానీ పలక చిన్నది, కథ పట్టదు.

రిపోర్టు ఇంకా రాలేదు. ఫోను మోగితే ఆయన తల ఎత్తేవారు. నేనే ఫోను ఎత్తి, "సార్ లేరు" అనో, "మాట్లాడకూడదు" అనో చెప్పేదాన్ని. పెట్టేశాక ఆయన నా ముఖం చూసేవారు. నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపేదాన్ని.

ఆ రోజుల్లోనే కడప పోవాల్సి వచ్చింది. అక్కడ వేరుశనగ నూనె మిల్లు యజమాని ఒకాయన సార్ దగ్గర ఏడాదిగా కోచింగ్‌లో ఉన్నారు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజం మీద తువ్వాల. కోపమొస్తే తువ్వాల దులిపేవారు, సంతోషమొచ్చినా దులిపేవారు. గొంతుకు ఆపరేషనైంది, సార్ రాలేరని నేను ఫోనులో నసిగితే వినలేదు. "నోరు లేకపోతే ఏమాయ, కండ్లున్నాయి గదా. రమ్మను" అన్నారు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో పోయాం. కిటికీ ఇనుప కడ్డీలు చెయ్యి కాల్చేంత ఎండ.

మిల్లు ఆఫీసు గదిలో ఆయన, ఆయన ఇద్దరు కొడుకులు కూర్చున్నారు. పక్కన గానుగల చప్పుడు, గదినిండా వేయించిన శనక్కాయల వాసన. సార్ పలక మీద రాశారు. నేను చదివాను. గానుగల మీదుగా వినపడేలాగే చదివాను. "ఈ మిల్లు ఇంకా మీరే నడపాలని మనసులో ఎంతుంది? పదిలో ఎంత?"

"పదికి పదకొండు" అన్నారాయన వెంటనే. "ఈ గానుగ ఆగినపొద్దు నా గుండె కూడా ఆగుతాది." పెద్దకొడుకు కిటికీలోంచి బయటికి చూశాడు. చిన్నవాడు సెల్‌ఫోను తీశాడు. ఈ ప్రశ్న సార్ ఆయన్ను ఇంతకు ముందూ అడిగారు. ఎప్పుడూ పదకొండే.

ఈసారి సార్ పలక తుడిచారు. దాన్ని నా ఒళ్లో పెట్టేశారు. ముందుకు వంగి, మిల్లు పెద్దాయన భుజం మీది తువ్వాల లాగి, ఇద్దరి మధ్యా బెంచీ మీద పరిచి, దాని కిందికి తన కుడిచెయ్యి పోనిచ్చారు.

నాకేమీ అర్థం కాలేదు. పెద్దాయనకు ఒక్క క్షణంలో అర్థమైంది. పగలబడి నవ్వారు. "ఓహో. మరిచిపోతి. నువ్వు ఎద్దుల దళారి కొడుకువి గదా." నా వైపు తిరిగి చెప్పారు. "సంతలో ఇట్లే పాపా బేరం. నోటితో అంటే చుట్టూ ఉండే వాళ్లంతా ఇంటారు. తువ్వాల కింద వేలు పట్టుకుంటే ఇద్దరికే తెలుస్తాది. ఒక వేలైతే ఒకటి, రెండైతే రెండు. నేను వయసులో ఉన్నప్పుడు శానా ఎద్దులు కొన్న్యా ఇట్ల." అంటూనే తన చెయ్యి కిందికి పెట్టారు.

తువ్వాల కదిలింది. ఒక చోట ఎత్తుగా లేచి, తగ్గింది. నేను ఆ తువ్వాల ఎర్రంచు వైపే చూస్తున్నాను. పెద్దాయన ముఖంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే కాసేపు నిలబడి, తర్వాత మెల్లగా పోయింది. సార్ ఆయన కళ్లలోకి చూస్తూ ఇంకోసారి తలెగరేశారు, నిజమేనా అన్నట్టు. తువ్వాల మళ్లీ అదే చోట లేచింది.

"మీరిద్దరూ పోయి లారీ వచ్చిందేమో చూడుపొండి" అన్నారు పెద్దాయన, కొడుకుల వైపు చూడకుండా.

ఆ అంకె ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. సార్ చెప్పలేదు, నేను అడగలేదు. కొన్నాళ్లకు మిల్లు పెద్దకొడుకు చేతికి వచ్చిందనీ, పెద్దాయన తన చీనీపండ్ల తోటలో ఉంటున్నారనీ మాత్రం విన్నాను.

కొడుకులు పోయాక సార్ చెయ్యి తీయబోయారు. పెద్దాయన వదల్లేదు.

"ఆగప్పా. నన్ను అడిగితివి, చెప్తి. ఇప్పుడు నేనడుగుతా." ఎడమ చేత్తో తన గొంతు చూపించారు. "గొంతు కోపిచ్చుకొని పలక పట్టుకొని తిరుగుతాండావు. నీకు భయమెంతుండాది? పదిలో?"

సార్ నవ్వబోయారు. పెద్దాయన నవ్వలేదు. గానుగలు తిరుగుతూనే ఉన్నాయి. చాలాసేపు తువ్వాల కదల్లేదు. నేను తల దించుకుని పలక చూశాను. ఒక మనిషి చొక్కా విప్పుతుంటే చూస్తున్నంత సిగ్గనిపించింది. మళ్లీ తలెత్తేసరికి సార్ కళ్లు మూసుకుని ఉన్నారు. తువ్వాల కింద చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఇంత భయం పెట్టుకొని మా ఊరికొచ్చి నా సంగతి అడుగుతాండావా?" అన్నారు పెద్దాయన. "ఇంట్లో తెల్సా?"

సార్ తల అడ్డంగా ఊపారు.

"ఈ పాపకు తెల్సా?"

సార్ నా వైపు చూశారు. పలక నా ఒళ్లో ఖాళీగా ఉంది. "తెలుసు" అన్నాను. తర్వాత, ఎవరూ రాసివ్వకుండానే, "ముక్క హైదరాబాదు పంపారండీ. రిపోర్టు రాలేదు. సార్ వాళ్ల నాన్నకు కూడా గొంతులోనే వచ్చింది. ఇంట్లో చెప్పొద్దన్నారు. నాకు మోయడం కష్టంగా ఉంది" అన్నాను. అంత పొడుగు మాట పరాయి మగవాళ్ల ముందు నేను ఎప్పుడూ అనలేదు. అన్నాక గుండె మీది నుంచి ఏదో దిగిపోయింది.

పెద్దాయన తువ్వాల తీసి దులిపి భుజం మీద వేసుకున్నారు. "అందరికీ కోచింగ్ ఇస్తాండావు. నీకెవరిస్తారప్పా?" అన్నారు. "ఈ పొద్దే పోయి ఆ తల్లికి చెప్పు. రిపోర్టు దినం నేనొస్తా."

తిరుగు ప్రయాణంలో సార్ పలక ముట్టలేదు. కర్నూలు బస్టాండులో దిగాక మాత్రం, 'నువ్వూ ఇంటికి రా' అని రాశారు.

ఆయన భార్య తలుపు తీసి, మా ఇద్దరి ముఖాలూ చూసి, పక్కకు తప్పుకుంది. సార్ కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెట్టారు. రాసి, తుడిచి, మళ్లీ రాశారు. ఆమె కాసేపు చూసి, పలక మీద చెయ్యి వేసి ఆపింది.

"నాకు తెల్సు. గొంతులో ముక్క తీసినారంటే ఎందుకు తీసినారో తెలీనిదాన్నా? మీ నాయనకు చేసింది ఎవరు, నేను కాదా? నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తాండా."

సార్ ఆమె చెయ్యి కింది నుంచి పలక లాగుతుంటే, ఆమె వదల్లేదు. "ఇంకొక దినం చూసి దీన్ని పగలగొట్టాలనుకున్న్యా" అంది. ఆమె ఏడుస్తోందని అప్పుడు చూశాను. ఆ రాత్రి వాళ్లింట్లోనే తిన్నాను. ఆ పూట నా గొంతులో మెతుకు అడ్డం పడలేదు.

రిపోర్టు వచ్చిందని ఫోను వచ్చిన రోజు, ఆసుపత్రి వరండాలో మేం ముగ్గురం ఉన్నాం. కడప బస్సు దిగి పెద్దాయన వచ్చారు, చేతిలో వేరుశనగ నూనె డబ్బా. "డాక్టరుకు" అన్నారు. "మంచి మాట చెప్తే ఇస్తా. లేకపోతే ఎనక్కి తీస్కపోతా." సార్ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమిటో తెలియలేదు. బెంచీ మీద ఆయన సార్ పక్కన కూర్చుని, మాట్లాడకుండా తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పారు. లోపల ఏం అడిగారో, ఏం చెప్పుకున్నారో.

పిలుపు వస్తే నలుగురమూ లోపలికి పోయాం. నర్సు ఒక్కరే రావాలంది. ఎవరూ ఆగలేదు.

డాక్టరు కవరు ముందే చూసినట్టున్నారు. "ఏం లేదు" అన్నారు. "చెడ్డది కాదు. గొంతును ఎడాపెడా వాడితే అట్లా కాయ కాస్తుంది. మీరు మాట్లాడటం ఎక్కువ, అంతే."

పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు సార్ భార్య అంది, "ముప్పయ్యేండ్ల నుంచి నేను ఇదే చెప్తాండా సార్, ఫీజు లేకుండా."

ముందు డాక్టరు నవ్వారు. తర్వాత అందరం. నేను కూడా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాను. పెద్దాయన నూనె డబ్బా బల్ల మీద పెట్టి, తువ్వాలతో కళ్లు తుడుచుకుని, డాక్టరు వద్దంటున్నా వినకుండా బయటికి నడిచారు. ఇక మెల్లగా మాట్లాడవచ్చునని డాక్టరు చెప్పారు. రోజుకు కాసిని మాటలు, అరవకుండా.

వరండాలోకి వచ్చాం. సార్ భార్య మందుల కోసం కిటికీ దగ్గర నిలబడింది. పెద్దాయన తన ఇంటికి ఫోను చేసి, "ఏం ల్యా, ఏం ల్యా" అని గట్టిగా చెప్తున్నారు. సార్ నా పక్కకు వచ్చారు. ఏదో చెప్పాలనుకుంటున్నారని, అలవాటు కొద్దీ పలక కోసం సంచిలో వెతికాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు. పెదవులు కదిలాయి, ముందు గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించారు. తుప్పు పట్టిన గడియ తీసినట్టు, చిన్నగా, కొత్త గొంతు ఒకటి వచ్చింది. మా సార్‌ది కాదనిపించేంత చిన్నది.

"శానా భయపడితి పాపా. పద, ఉగ్గాని తిందాం, ఆకలైతాండాది."